ముప్పై రెండో గీత

ముందు నా లెక్క చెబుతాను, ఊరి మాట తర్వాత.
బోరు బండి మీద అడుగులు రాసేవాణ్ణి నేను.
రాడ్డు దిగితే ఒక గీత, గీతకి ఇరవై అడుగులు.
తప్పు రాస్తే రైతన్నా మునుగుతాడు, ఓనరన్నా మునుగుతాడు.
అందుకని నా పుస్తకం అబద్ధం ఎరగదు.

ఫిరంగిపురం దాటాక, కొండ వెనక
ఇన్నయ్య మిరప చేను.
మస్తాన్ వలి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచాడు,
కాయ లేచి నిలబడ్డ చోట సున్నం చల్లాడు.
అప్పటికే మూడు బోర్లు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.
ఇది నాలుగోది,
శౌరమ్మ గాజులు బ్యాంకులో పెట్టి వేయించింది.

నలభైకల్లా మట్టి అయిపోయింది.
అక్కణ్ణించి అంతా నల్లరాయి.
పిండై లేచి మా కనుబొమల మీద కూర్చుంది.
తెల్లవారుజామున మూడింటికి, ముప్పై రెండో గీత గీశానో లేదో
రాడ్డు జారింది.
మెట్టుందనుకుని చీకట్లో కాలేసినట్టు
పదకొండు అడుగులు, ఒక్కసారే.
దుమ్ము ఆగిపోయింది.
కంప్రెసరు ఊదిన గాలి పైకి రాలేదు, ఎటో పోయింది.
సెల్వం ఇంజను కట్టేశాడు, తమిళంలో ఏదో గొణిగాడు.
అప్పుడొచ్చింది పైపులోంచి
కోల్డ్ స్టోరేజి తలుపు తీసినట్టు ఒక చల్లగాలి.
అందులో మిరపకాయ ఘాటు లేదు.
గుంటూరు జిల్లాలో పుట్టి
ఘాటు లేని గాలి పీల్చడం నాకదే మొదలు.

ఇక ఊరి మాట.
పొద్దుటి టీకి: కొండ కింద గదులున్నాయట.
నర్సరావుపేట బస్సుకి: గదుల్లో నీలం దీపాలట.
గుంటూరు యార్డులో కాటా వేసే వేళకి
వాళ్లకి మూడే వేళ్లట,
క్వారీ గుంటలో నీళ్లు రాత్రిపూట పక్కకి తప్పుకుని
వాళ్ల బండికి దారిస్తాయట.
మిలట్రీకి తెలుసట, చెప్పరట.
బర్రెలు పాలు ఎగ్గొట్టేది అందుకేనట.
కరెంటు పోయేదీ అందుకేనట.
ఈ చివరిది లైన్‌మన్ వీరరాఘవులే చెప్పాడు, హాయిగా.

ఆటోలు కట్టుకుని వచ్చారు జనం.
బొక్కలోకి ఫోన్లు వేలాడదీశారు, టార్చీలు కొట్టారు,
ఎవరో పిల్లాడు గోళీ వేసి చెవి పెట్టాడు.
తొక్కిన మొక్కలు తొక్కినట్టే ఉన్నాయి.
ఏముంది, ఎవరున్నారు, ఎన్ని తలలు,
అన్నీ అడిగారు.
నీళ్లు పడ్డాయా అని ఒక్కరూ అడగలేదు.

బిల్లు దగ్గర తగువు.
జారిన పదకొండు అడుగులకి డబ్బెందుకు,
రాయి కొయ్యలేదుగా, అని ఇన్నయ్య.
రాడ్డు దిగిందిగా, అని ఓనరు.
ఇద్దరూ నా పుస్తకం వంక చూశారు.
ఉత్త ఖాళీకి అడుగు రేటెంతో
అందులో లేదు.

ఆ రాత్రి ఒక్కణ్ణే వెళ్లాను.
మూతగా వేసిన తిరగలి రాయి జరిపి
గొట్టానికి చెవి ఆనించాను.
వినపడిందని రాయను. వినపడలేదనీ రాయను.
కానీ అనిపించింది,
అక్కడా ఒక టీ కొట్టు ఉండి ఉంటుంది.
పైన ఎవరో ఉన్నారట, అనుకుంటూ ఉంటారు.
ఎక్కడ పడితే అక్కడ మన కప్పుకి బెజ్జం పెడతారట,
గొట్టం దించి, పీల్చి చూసి,
ఏం లేదని తిట్టుకుంటూ పోతారట.
పిల్లలు నవ్వుతారు, నమ్మరు.
ఒక ముసలమ్మ మాత్రం
ఆ చిల్లు కింద గిన్నె పెట్టుకుని కూర్చుంటుంది,
ఎప్పటికైనా ఒక చుక్క రాలకపోతుందా అని.

నా సీసాలో అరలీటరు మిగిలింది.
పోశాను.
చప్పుడు కోసం ఎంతసేపు కూర్చున్నానో లెక్క రాయలేదు.

తలెత్తితే గట్టు మీద శౌరమ్మ.
ఎప్పుడొచ్చిందో, ఏమీ అనలేదు.
రాయి తిరిగి మూయడానికి తనూ ఓ చెయ్యేసింది.
ఆ చేతికి చప్పుడు లేదు.